ఖాళీగ ఉన్నోడు ఎవ్వడు లేడు: డిగ్రీ పిల్లల లెక్క, మన వడ్ల లెక్క

(రుద్రంగిలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఎనుక గోడకు ఆనుకొని నిలబడ్డ తమ్ములు జర ముందటికి రండ్రి, కూసోండ్రి. ఇయ్యాల నేను మాట్లాడేది మీ గురించే.

మన సంఘం మీటింగంటే వడ్ల కొనుగోలు, యూరియా, కరెంటు, పాస్‌బుక్కు, ఇవే మాట్లాడుకుంటం. డిగ్రీ చదివిన పిల్లల గురించి మాట్లాడుతనంటే 'అది రైతుల ముచ్చట ఎట్లయితది?' అని ఒకరిద్దరు అడిగినరు. రైతుల ముచ్చటే. ఎందుకంటే ఆ పిల్లల చదువుకు, చదువైనంక వాళ్ల ఎదురుచూపుకు పైసలు కట్టేది మన వడ్లు, మన మక్కలు, మన పసుపు. ఈ ఖర్చు ఏ సర్కారు పుస్తకంల రాసి లేదు. ఇయ్యాల ఆ లెక్క తీద్దాం.

రెండు తప్పుడు లెక్కలు

ఊర్ల ఎవరన్న 'నీ కొడుకు డిగ్రీ అయిపోయిందట గదా, ఏం చేస్తున్నడు?' అని అడిగితే మనం ఏమంటం? 'ఏం చేస్తడే, ఖాళీగనే ఉన్నడు' అంటం. పిల్లగాడు పక్కనే ఉంటడు. విని తల దించుకుంటడు.

ఆ ఖాళీగ ఉన్నోని దినం ఎట్ల గడుస్తదో చూడుండ్రి. పొద్దుగాల పాలు కేంద్రంల పోసొస్తడు. బాయి కాడికి పోయి మోటరు పెడ్తడు. రుణమాఫీ పైసలు ఎందుకు పడలేదో, భూభారతిల దరఖాస్తు ఎక్కడిదాక వచ్చిందో ఫోన్ల చూసి పది మందికి చెప్తడు. మండల ఆఫీసుకు ముసలోళ్లను బండి మీద తీస్కపోతడు. సాయంత్రం నలుగురు బడి పిల్లలకు లెక్కలు చెప్తడు. కోతలు మొదలైతే కొనుగోలు కేంద్రంల ట్యాబు పట్టుకొని రైతుల వివరాలు ఎక్కిస్తడు. రాత్రి కల్లం కాడ కుప్పకు కావలి పంటడు. పెండ్లిళ్ల దినాలల్ల క్యాటరింగుకో, ఫొటోల పనికో పోతడు. ఒకడు కోత మిషిన్ మీద ఉంటడు, ఒకడు డ్రోన్‌తోటి మందు కొడుతడు, ఒకడు ప్రైవేటు బడిల సారు. మధ్యల దొరికిన గంటల పుస్తకం పట్టుకుంటడు.

ఇన్ని పనులు చేసినా వాడు ఖాళీగ ఉన్నోడే, ఎందుకంటే నెల పడితే జీతం రాదు. ఇది మన ఇంటి లెక్క. ఇది తప్పు.

సర్కారు లెక్క ఇంకో తీరు. కేంద్రం పీఎల్‌ఎఫ్‌ఎస్ అని కార్మికుల సర్వే చేస్తది. ఆ సర్వేల వారం లెక్క ఒకటి ఉంటది. ఆ వారంల ఏదో ఒక దినం ఒక్క గంట పని చేసినా ఉపాధి ఉన్నట్టే రాసుకుంటరు. ఏడాది లెక్కల 30 దినాలు పని చేస్తే చాలు, ఉపాధి ఉన్నోళ్లల్ల కలుపుతరు. సొంత చేన్ల పైస లేకుంట అవ్వయ్యకు సాయం చేసినా అది స్వయం ఉపాధి కిందికే వస్తది. అంటే మన ఇంట్ల 'ఖాళీ' అనిపించుకునే పిల్లగాడు ఢిల్లీ పుస్తకంల 'ఉపాధి ఉన్న మనిషి'. ఇంట్ల లెక్క వానికి ఇజ్జత్ లేకుంట చేసింది, సర్కారు లెక్క వానికి హక్కు లేకుంట చేసింది. రెండిట్ల ఏదీ నిజం కాదు. నిజం ఏందంటే, వాడు పని చేస్తున్నడు, పనికి తగ్గ పైస వస్తలేదు.

ఇంత సడలించిన లెక్క వేసినా అంకెలు ఎట్లున్నయో వినుండ్రి. అంతర్జాతీయ కార్మిక సంస్థ వాళ్లు, ఢిల్లీల మానవాభివృద్ధి అధ్యయన సంస్థ వాళ్లు కలిసి 2024 మార్చిల భారత ఉపాధి నివేదిక తెచ్చినరు. 2022ల మన దేశపు యువతల డిగ్రీ చదివినోళ్లల్ల 29.1 శాతం నిరుద్యోగులు. చదువు, రాత రాని వాళ్లల్ల 3.4 శాతమే. చదువుకుంటే కొలువు దొరకదని దీనికి అర్థం కాదు. చదువు రానోనికి ఎదురుచూసే తాహతు లేదు, ఏ పని దొరికితే ఆ పనికి పోతడు. డిగ్రీ పిల్లగాడు ఎదురుచూస్తడు, వాని ఎనుక ఇంత పొలం, అవ్వయ్యల కష్టం ఉన్నది గనుక.

అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ వాళ్ల 2023 నివేదిక చూసినా, 25 ఏండ్ల లోపు డిగ్రీ పిల్లలల్ల 42 శాతం మందికి పని లేదు. 35 దాటినోళ్లకొచ్చే వరకు అది 5 శాతం కన్న తక్కువ. వయసు మీద పడంగనే వాళ్లందరికి కోరిన కొలువు దొరికిందా? లేక ఇగ ఎదురుచూసే తాహతు అయిపోయి దొరికినదాన్ని పట్టుకున్నరా? మీరు మీ వాడల సుట్టు చూసి చెప్పుండ్రి.

రూము కిరాయి ఎన్ని ఎకరాలు?

ఇప్పుడు వడ్ల లెక్కకొద్దాం. పిల్లగాడు గ్రూప్స్‌కు చదువుతనని పట్నం పోయిండు. అశోక్‌నగర్ల నలుగురు కలిసి రూము తీసుకున్నరు. రూము పాలు, మెస్సు, స్టడీ హాలు, పుస్తకాలు, ఫోను, బస్సు అన్ని కలిపి నెలకు 10 వేలు అనుకుందాం. కోచింగు ఫీజు నేను కలుపుతలేను. ఏడాదికి 1 లక్షా 20 వేలు.

ఎకరానికి 24 క్వింటాళ్ల వడ్లు పండినయనుకోండ్రి. 2025-26ల ఏ గ్రేడు మద్దతు ధర 2,389. తరుగు తియ్యకుంట మొత్తం పైస చేతికొస్తే 57,336. దుక్కి, నాటు, ఎరువులు, మందులు, కోత మిషిన్, మోసుడు కలిపి 35 వేలు పోతే మిగిలేది 22 వేల చిల్లర. అండ్ల మన సొంత కష్టానికి పైస లేదు, కౌలు లేదు, మిత్తి లేదు. ఇట్ల చూస్తే పట్నంల ఒక్క పిల్లగాని ఒక్క ఏడాదికి ఐదు ఎకరాల పైచిలుకు పంట మిగులు కావాలె.

2015-16 వ్యవసాయ లెక్కింపు ప్రకారం తెలంగాణల సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. వానకాలం, యాసంగి రెండు పంటలు పండినా ఐదు ఎకరాల పంట. మొత్తం ఇంటి ఏడాది మిగులు ఒక్క పిల్లగాని రూముకు, మెస్సుకే చాలీ చాలకుంట పోయింది. ఇంట్ల తిండికి, చెల్లె చదువుకు, అవ్వ మందులకు ఏది? రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేల చొప్పున రెండున్నర ఎకరాలకు 30 వేలు. అది పట్నంల మూడు నెలల ఖర్చు. తక్కువ పడ్డది ఎక్కడినుంచి వస్తది? అవ్వ చుట్టిన బీడీల నుంచి వస్తది. అన్న దుబాయి నుంచి పంపినకాడి నుంచి వస్తది. లేకుంటే మిత్తికి వస్తది.

'అది పంట ఖర్చు కాదు గదా' అని ధరలు కట్టే పెద్దలు అంటరు. నిజమే, వాళ్లు క్వింటాలుకు 1,579 రూపాయల ఖర్చు కట్టి, దాని మీద సగం కలిపి మామూలు రకానికి 2,369 ధర చెప్పినరు. అండ్ల మన ఇంటి మనుషుల కష్టానికి కూలి రేటు కట్టినరు. భూమి కిరాయి, సొంత పెట్టుబడికి మిత్తి పూర్తిగ కలుపలేదు. స్వామినాథన్ కమిషన్ చెప్పింది సాగు ఖర్చు మీద కనీసం 50 శాతం ఎక్కువ ఇయ్యమని, ఆ ఖర్చంటే వీటన్నిటిని కలిపిన సీ2 ఖర్చే కావాలని మన డిమాండు. పంట ధర ఇంటిని నడపాలె. ఇల్లంటే తిండి ఒక్కటే కాదు, పిల్లల చదువు కూడ ఇల్లే.

వాయిదాకు పైసలు ఎవరు కట్టినరు?

'నీళ్లు, నిధులు, నియామకాలు' అని మనమే జెండాలు పట్టుకొని తిరిగినం. 1985ల వచ్చిన 610 జీవో అమలు కాలేదని కొట్లాడినం. రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. తెలంగాణల మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది 2022 ఏప్రిల్ల. 503 పోస్టులకు 3 లక్షల 80 వేల మంది దరఖాస్తు పెట్టినరు. అక్టోబర్ల పరీక్ష అయింది, పేపర్ లీకైందని 2023 మార్చిల రద్దు చేసినరు. జూన్ల మళ్ల పెట్టినరు, సెప్టెంబర్ల హైకోర్టు దాన్ని కూడ కొట్టేసింది. 2024ల 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ ఇచ్చినరు. నియామక పత్రాలు చేతికిచ్చే వరకు 2025 సెప్టెంబర్ అయింది, కోర్టు కేసులు అట్లనే నడుస్తుండంగ.

గ్రూప్-2 సంగతి ఇంకా ఇచ్చంత్రం. 783 పోస్టులకు 2022 డిసెంబర్ల నోటిఫికేషన్. ఐదున్నర లక్షల దరఖాస్తులు. పరీక్ష 2023 ఆగస్టుల అన్నరు, నవంబర్ల అన్నరు, 2024 జనవరిల అన్నరు, మళ్ల ఆగస్టుల అన్నరు. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తారీఖులల్ల పెట్టినరు. నాలుగు వాయిదాలు. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు వాయిదా పిల్లలే అడిగినరు, పరీక్షలన్ని ఒకదాని మీద ఒకటి పెట్టినందుకు. ఎవరు అడిగినా, ఎందుకు అడిగినా, నోటిఫికేషన్ నుంచి పరీక్ష దాక రెండేండ్లు. నెలకు 10 వేల లెక్కన రెండు లక్షల 40 వేలు. పదకొండు ఎకరాల వరి పంట మిగులు. పరీక్ష వాయిదా పడ్డప్పుడల్ల ఏ ఆఫీసరు జీతం ఆగలేదు. ఆ వాయిదాకు పైసలు కట్టింది ఈ సభల కూసున్నోళ్లు.

టీచరు కొలువులు కూడ అంతే. 2017 నోటిఫికేషన్ తర్వాత పెద్ద నియామకం 2024ల. 11,062 పోస్టులకు 2 లక్షల 79 వేల దరఖాస్తులు. నడుమ ఏడేండ్లు బీఈడీ చదివిన పిల్లలు ఏం చేసినరు? ప్రైవేటు బడులల్ల చేరినరు. కరోనా వచ్చి బడులు మూతపడితే వాళ్లల్ల చాలామంది ఉపాధి హామీ పనికి వచ్చినరు, మట్టి మోసినరు. 2021 ఏప్రిల్ల సర్కారు వాళ్లకు నెలకు 2 వేలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. మన పిల్లలకు చదువు చెప్పే సారుకు ఆ బియ్యమే దిక్కయిన రోజులు మనం మరువద్దు.

మరి ఇన్నేండ్లు ఎందుకు పట్టుకొని కూసుంటరని కొందరు గులుగుతరు. ఒక మాట ఒప్పుకుందాం. 'వ్యవసాయం చేస్తున్నడు' అంటే పిల్లనిస్తలేరు. 'ప్రిపేర్ అవుతున్నడు' అంటే కొంచెం గౌరవం ఉన్నది. చేను దున్నితే తక్కువ, పుస్తకం పట్టుకుంటే ఎక్కువ అని మనమే ఖరారు చేసినం. బిడ్డను రైతుకు ఇయ్యనన్న రైతులు ఈ సభల కూడ ఉన్నరు. అప్పుడు పిల్లగాడు ఆ పుస్తకం ఎట్ల కింద పెడ్తడు?

బిడ్డల సంగతి

కొడుకు ఎదురుచూడడానికి ఇంట్ల ఐదేండ్లు దొరుకుతయి. బిడ్డకు ఏడాది దొరుకుడే కష్టం. పీజీ అయిపోయిన బిడ్డ ఇంట్ల తల్లి పక్కన కూసొని బీడీలు చుడుతున్నది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు ఇది కొత్త గాదు. ఇంకో బిడ్డ మిషిన్ కుడుతున్నది, ఇంకొకామె ప్రైవేటు బడిల కూలి కన్న తక్కువకు చెప్తున్నది. వాళ్లను ఖాళీగ ఉన్నదని కూడ అనరు, 'ఇంట్లనే ఉన్నది' అంటరు. లెక్కల్లకు అసలే రారు. డిగ్రీ పిల్లల గురించి మాట్లాడినప్పుడు మనం కొడుకులనే తలుచుకుంటం. సంఘం ఆ తప్పు చెయ్యొద్దు.

బండి మీద, విమానం మీద

కొందరు హైదరాబాద్ల స్విగ్గీ, జొమాటో, ర్యాపిడో బండ్లు నడుపుతున్నరు. పొద్దంత చదువు, రాత్రి బండి. నీతి ఆయోగ్ లెక్క ప్రకారం దేశంల ఇట్లాంటి గిగ్ కార్మికులు 2020-21ల 77 లక్షలు, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతరు. వాళ్లను కంపెనీలు కార్మికులు అనవు, 'పార్ట్‌నర్లు' అంటయి. లాభంల పాలు లేని పార్ట్‌నర్లు. కౌలు రైతుకు పాస్‌బుక్కు లేనట్టే వీళ్లకు చాన్నాళ్లు గుర్తింపు లేకుండె. మన రాష్ట్ర సర్కారు 2023 డిసెంబర్ల 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, 2025 ఏప్రిల్ల చట్టం ముసాయిదా తెచ్చింది. బండి నడిపే ప్రతి పిల్లగాడు ఈ-శ్రమ్‌ల పేరు ఎక్కించుకోవాలె. పేరు లేనోనికి హక్కు అడిగే దారి లేదు.

ఇగ దుబాయి. మన రుద్రంగి, కథలాపూర్, చందుర్తి దిక్కు ఊర్లకు గల్ఫ్ గురించి నేను చెప్పేది లేదు. కానీ చదివిన పిల్లలు ఒక సంగతి తెలుసుకోవాలె. పది పాసు కాని వాళ్లు గల్ఫ్ పోవాలంటే సర్కారు దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలె. దానితోటి 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. పది దాటి చదివినోళ్ల పాస్‌పోర్టుకు ఆ క్లియరెన్సు అక్కర లేదు. మంచిదే అనిపిస్తది. కానీ క్లియరెన్సు లేకుంటే బీమా తప్పనిసరి కాదు, ఎవరు పోయిండ్రో రికార్డు కూడ సరిగ ఉండదు. డిగ్రీ పిల్లగాడు అక్కడ అదే కట్టడం మీద అదే కూలి చేస్తడు, రక్షణ మాత్రం తక్కువ. అందుకే పోయేముందు రిజిస్టర్డ్ ఏజెంటా కాదా చూడుండ్రి, కంపెనీ వీసానా విజిట్ వీసానా చూడుండ్రి, బీమా సంగతి అడుగుండ్రి. గల్ఫ్‌ల చనిపోయిన కార్మికుల కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే జీవో 2024 సెప్టెంబర్ల వచ్చింది, అది కూడ యాది పెట్టుకోండ్రి. ఇంకొక్కటి. కంప్యూటర్ వచ్చిన పిల్లలను డేటా ఎంట్రీ కొలువని కంబోడియా, మయన్మార్ తీస్కపోయి సైబర్ మోసాలు చేయించిన ముఠాలు ఉన్నయి. తెలంగాణ పిల్లలు అండ్ల చిక్కినరు. కొలువు పేరు మీద పాస్‌పోర్టు అడిగితే ఊర్ల నలుగురికి చెప్పకుంట కదలొద్దు.

ఇక్కడి పని ఏమైంది?

చదివినోడు ఊర్ల ఉండుమంటే పని ఉండాలె గదా. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ యాదున్నదా? 2015 డిసెంబర్ల మూతపడ్డది. చెరుకు పోయింది, దానితోటి లెక్కలు రాసేటోడు, మిషిన్లు చూసేటోడు, ల్యాబుల ఉండేటోడు, లారీ నడిపేటోడు అందరి కొలువులు పోయినయి. తెరిపిస్తమనే మాట మాత్రం వింటనే ఉన్నం. పసుపు బోర్డు 2025 జనవరిల నిజామాబాద్ల మొదలైంది. మన దిక్కు పసుపు ఉడకబెట్టి, పాలిష్ పట్టి, పొడి చేసి, పరీక్ష చేసి ఇక్కన్నుంచే పంపితే అండ్ల చదివిన పిల్లలకు పని ఉంటది. కొమ్ములనే బస్తాలల్ల కట్టి పంపితే హమాలీ పని ఒక్కటే ఉంటది. పొలాసల, జిల్లెల్లల వ్యవసాయ కాలేజీలు ఉన్నయి, నాచుపల్లిల ఇంజినీరింగు కాలేజీ ఉన్నది. చదువు మన దగ్గరికొచ్చింది, పని రాలేదు.

నేను 'అందరు చేను బాట పట్టుండ్రి' అని చెప్పడానికి రాలేదు. రెండున్నర ఎకరాలు ముగ్గురు పంచుకుంటే ఎవ్వడు బతకడు. కొలువు ఆశ వదులుకోమని కూడ చెప్పను, సర్కారు కొలువు మీద రైతు బిడ్డలకు హక్కున్నది. పిల్లలు ఇప్పటికే చేస్తున్న పనిని పనిగ లెక్కగట్టుమంటున్న.

సంఘం ఏం చెయ్యాలె?

సర్కారును అడిగేటివి నాలుగు.

ఒకటి, 2024 ఆగస్టుల ప్రకటించిన జాబ్ క్యాలెండరు లాంటిది కాగితం మీద కాదు, చట్టం లెక్క ఉండాలె. తారీఖు తప్పితే దరఖాస్తు పెట్టినోళ్లకు నెలకింత భృతి కట్టాలె. వాయిదా ఖర్చు సర్కారు మీద పడితే తారీఖులు తప్పవు.

రెండు, కొనుగోలు కేంద్రాలు, మట్టి పరీక్షలు, పంటల నమోదు, భూముల సర్వే, ఇవన్ని ఊర్ల పిల్లలతోటే నడుస్తున్నయి. దినం కూలి లెక్క కాకుంట రాతపూర్వకంగ, గౌరవ వేతనంతోటి ఊరి చదివిన పిల్లలకే ఇయ్యాలె. సగం బిడ్డలకు ఇయ్యాలె.

మూడు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు కట్టాలె. 2025 నవంబర్ల దీని కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. బాకీ సర్కారుది, సర్టిఫికెట్ ఆగేది మన పిల్లలది. సర్టిఫికెట్ లేక ఇంటర్వ్యూ పోయినోళ్లు ఉంటే సంఘానికి రాసియ్యండ్రి.

నాలుగు, సీ2 మీద 50 శాతం ధర. దీని గురించి ఎప్పుడు చెప్పేదే, ఎందుకో ఇయ్యాల ఇంకోసారి తెలిసింది.

ఇంట్ల మనం చేసేటివి మూడు.

పిల్లలతోటి కూసొని ఎన్నేండ్లు చదువుతరో, ఎంత పైస పెడ్తమో ముందే మాట్లాడుకోండ్రి. రెండేండ్లో మూడేండ్లో, అది మీ ఇంటి తాహతు. అడగకుంట పెట్టి, తర్వాత ఎత్తిపొడుచుడు మంచిది కాదు. చేన్ల పని చేసే కొడుక్కు, బిడ్డకు పంట పైసలల్ల ఇంత అని చేతికియ్యండ్రి. సంచిల పైసలుంటే మనిషి తల ఎత్తి నడుస్తడు. ఇగ పరీక్ష తప్పినప్పుడు, రద్దయినప్పుడు పిల్లలు ఒంటరిగ, మాట్లాడకుంట ఉంటే ఊకె వదిలిపెట్టకుండ్రి. పక్కన కూసోండ్రి. పైస ఖర్చు లేకుంట మాట్లాడే టెలి మానస్ నంబరు 14416 ఇంటి గోడ మీద రాసిపెట్టుండ్రి.

చివరి మాట. వచ్చే నెల మీటింగు వరకు ప్రతి ఊరి సంఘం ఒక నోటుబుక్కు పెట్టాలె. ఊర్ల ఇంటర్ దాటి చదివిన కొడుకులు, బిడ్డలు ఎందరు, ఏం చదివినరు, ఇప్పుడు ఏమేం పనులు చేస్తున్నరు, ఏడాదిల ఎన్ని దినాలు, ఎంత వచ్చింది, ఇంటి నుంచి ఎంత పోయింది, అన్ని రాయాలె. 'ఖాళీ' అనే మాట ఆ బుక్కుల రాయొద్దు. ఆ రాసే పని ఎనుక నుంచి ముందటికొచ్చి కూసున్న ఈ తమ్ములదే, ఈ చెల్లెండ్లదే. రాసినందుకు సంఘం ఫండు నుంచి పైసలు కూడ ఇస్తది. సర్కారు దగ్గర మన లెక్క లేకుంటే, మన లెక్క పట్టుకొని మనమే కలెక్టరేట్‌కు పోదాం.

రైతుల ఐక్యత వర్ధిల్లాలె.